చుక్క పెట్టిన గడి

రేవు ఎదుటి ఇల్లు,
జూన్ 4.

మరదలా,

నీకూ నాకూ సర్కారువారు కొత్త చుట్టరికం కలిపారు. మా లైసెన్సు ఆఫీసుకీ మీ కంటి ఆసుపత్రికీ సంబంధం కుదిరింది.

బండ్లూ లాంచీలూ నడిపేవాళ్ళలో చూపు చాలనివాళ్ళు ఎంతమందో తెలిస్తే, ఎన్నేళ్ళకోసారి కళ్ళు పరీక్షించాలో నిర్ణయిస్తారట. లైసెన్సులు మా దగ్గర, కళ్ళ కాగితాలు మీ దగ్గర. రెండూ కలిపితే తప్ప లెక్క తేలదు. అలాగని ఎవరి కన్ను ఎలా ఉందో మాకు తెలియకూడదు, ఎవరికి లైసెన్సు ఉందో మీకు తెలియకూడదు. లెక్క కావాలి, మనిషి వద్దు.

ఎలాగంటావా? మేము ప్రతి పేరుకీ పుట్టిన తేదీకీ ఒక రహస్య పదం కలిపి, కంప్యూటరులో వేసి, పొడుగాటి అంకెగా మారుస్తాం. మీవాళ్ళూ అదే పదం కలిపి అలాగే మారుస్తారు. ఒకే మనిషైతే రెండుచోట్లా ఒకే అంకె వస్తుంది. ఆ అంకెలోంచి పేరు వెనక్కి లాగడం ఎవరి తరమూ కాదు. ఈ అంకెలన్నీ మూడో ఆఫీసులో కూర్చున్న ఒకాయనకి వెళ్తాయి. ఆయనకి మధ్యవర్తి అని పేరు పెట్టుకున్నాం. పాపం ఆయనకి పిల్ల పేరూ తెలియదు, పిల్లవాడి పేరూ తెలియదు, జత మాత్రం కుదర్చాలి. కుదిర్చి, ఏ రేవులో ఏ వయసువాళ్ళు ఎంతమందో పట్టికలో వేసి పంపుతాడు. ఏ గడిలోనైనా ఐదుగురి కంటే తక్కువ తేలితే అంకె వెయ్యకుండా చుక్క పెడతాడు. ఒకరో ఇద్దరో అయితే ఊరు ఇట్టే పోల్చేస్తుంది కదా!

ఆ పట్టిక గీసింది నేనే. చివర్న 'మొత్తం' అనే గడి అవసరమా అన్నారు మా ఆఫీసరు. మొత్తం లేని పట్టిక తలుపు లేని ఇల్లు సార్ అని వాదించి పెట్టించాను. తర్వాత అందరిచేతా ఒక కాగితం మీద సంతకాలు చేయించారు. ఈ పనిలో తెలిసిందేదీ ఇంట్లో చెప్పను, బయట చెప్పను, దాంతో ఎవరికీ మేలుగాని కీడుగాని చెయ్యను అని. నోట్లో నువ్వుగింజ నానని నాచేత! మీ అన్నయ్య విని అరగంట నవ్వారు.

ఇక అసలు సంగతి. మీ అన్నయ్య మీద నాకు అనుమానంగా ఉంది. నువ్వు నవ్వకు. మార్చి నుంచీ వారం విడిచి వారం, గురువారం నాడు లాంచీ ఇంకో సరంగుకి అప్పజెప్పి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇంజను సామాను కొనాలంటూ మీ ఊరు బయలుదేరుతున్నారు. ఇంజను సామానుకి ఇస్త్రీ చొక్కా ఎందుకు? సాయంత్రం ఉత్త చేతులతో వస్తారు. పోయినసారి జేబురుమాలు మీద నారింజరంగు మరక కనిపించింది. ఏమిటండీ అంటే తుప్పు అన్నారు. ముప్ఫై ఏళ్ళుగా లాంచీ నడిపేవాడి పెళ్ళాన్ని, నాకు తుప్పు రంగు తెలియదా?

గురువారం నీకు సెలవు కదా, మీ ఇంటికి వస్తున్నారా? వస్తే ఎందుకు దాచడం? రాకపోతే ఎక్కడికి పోవడం? ఫోను చేద్దామంటే ఈయన పక్కన చేరి స్పీకరు పెట్టమంటారు. అందుకే ఈ ఉత్తరం. ఆడపడుచు అర్ధమొగుడన్నారు. ఆ సగం హక్కు మీదైనా నిజం చెప్పు.

నీ వదిన


కంటి ఆసుపత్రి క్వార్టర్సు,
జూన్ 11.

వదినా,

అన్నయ్య మా ఇంటికి రాలేదు. ఒట్టు. ఇంతకంటే నన్నేమీ అడగకు.

మా రికార్డు గది గోడ మీద ఒక కాగితం అంటించారు: "వచ్చినవారి గురించి చెప్పరాదు. రానివారి గురించీ చెప్పరాదు." రెండో ముక్క ఎందుకో మొదట్లో నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. రానివాళ్ళందరినీ రాలేదు, రాలేదు అని చెప్పుకుంటూ పోతే, ఒకరి దగ్గర నోరు మూసుకోగానే వాళ్ళొచ్చారని తేలిపోతుంది! అందుకని ఎవరి గురించి ఎవరడిగినా నా జవాబు ఒకటే. నిన్నటికి నిన్న మా పాలాయన వచ్చి "మా ఆవిడ కళ్ళు చూపించుకోవడానికి వచ్చిందామ్మా?" అనడిగాడు. తెలియదన్నాను. ఆవిడ నా పక్కనే నిలబడి ఉంది.

జేబురుమాలు చన్నీళ్ళలో నానబెట్టు, పోతుంది. ఇస్త్రీ చొక్కా గురించి మనసు పాడుచేసుకోకు. మా అన్నయ్యకి అంత చొరవ ఉంటే నిన్ను చూడ్డానికి వచ్చిన రోజు కుర్చీ కింద చెప్పులు వెతుక్కుంటూ అరగంట కూర్చునేవాడు కాదు.

ఒక మాట అడుగుతాను, ఊరికే. మన ఇంజను మేస్త్రీ ఇంకా లాంచీ మీద పనిచేస్తున్నాడా? అన్నయ్య పక్కనే నిలబడుతున్నాడా?

ఇంకో మాట. ఇది మాత్రం ఊరికే కాదు. నా ఉత్తరాలు ఎక్కడ దాస్తున్నావు? అన్నయ్య సంగతి నీకు పూర్తిగా తెలియదు. నా చిన్నప్పటి డైరీ దొంగతనంగా చదవడమే కాదు, తప్పులుంటే ఎర్ర పెన్సిలుతో దిద్ది, కింద 'చూసితిని' అని సంతకం పెట్టి, మళ్ళీ అక్కడే పెట్టేవాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు, నువ్వెంత!

నీ మరదలు


రేవు ఎదుటి ఇల్లు,
జూన్ 27.

మరదలా,

ఉత్తరాలు ఉల్లిపాయల బుట్ట అడుగున దాస్తున్నాను. మీ అన్నయ్య ఉల్లిపాయ ముట్టుకోరు, కళ్ళు మండుతాయని. మా ఆఫీసు బీరువా కంటే అది భద్రం.

మన రెండు ఆఫీసుల కాపురం మొదటి రోజే బెడిసింది. మధ్యవర్తి అంకెలు జతపరిచి చూస్తే సున్నా వచ్చింది. జిల్లాలో బండి నడిపేవాళ్ళందరికీ డేగ కళ్ళన్నమాట! మా ఆఫీసరు సంతోషంతో పైకి రాసెయ్యబోయారు. నేను చెయ్యి పట్టుకున్నంత పనిచేశాను. తీరా చూస్తే మేము ఇంటిపేరు ముందు రాస్తున్నాం, మీవాళ్ళు చివర రాస్తున్నారు. పేరు అటూ ఇటూ అయితే అంకె మారిపోతుంది. ఇప్పుడు అందరం ముందే రాస్తున్నాం.

మేస్త్రీ ఉన్నాడు. ఈమధ్య మీ అన్నయ్యని అంటిపెట్టుకునే ఉంటున్నాడు. ఇంజను గది వదిలేసి చుక్కాని పక్కన నిలబడి "కుడికి రెండు మూరలు, ఎదురుగా పడవ" అని పాట పాడుతుంటాడు. నాకు అదీ అనుమానమే. ఇద్దరూ కలిసి ఏదో దాస్తున్నారు.

ఇంట్లో ఆయన వాలకం చెబుతాను విను. మొన్న కొక్కేనికి తగిలించిన నా వానకోటుని చూసి "ఎంతసేపైంది వచ్చి, కూర్చోండి" అన్నారు. నేను కొత్త కర్టెన్లు వేసి వారమైనా ఒక్క మాట లేదు. పక్కింటి పిల్లిని మన పిల్లి అనుకుని చేప ముక్క పెట్టారు. మన పిల్లి అలిగి రెండు రోజులు ఇంటికి రాలేదు. మనిషి ఇక్కడ, మనసెక్కడో. ఈ వయసులో ఇదేం పాడుబుద్ధి? ఎవరో చెప్పు. జుట్టు పట్టుకోనులే, ఊరికే చూసి వస్తాను.

నీ వదిన


క్వార్టర్సు,
జులై 5.

వదినా,

ఎవరూ లేరు. ఇది ఆసుపత్రి మాట కాదు, చెల్లెలి మాట.

మేస్త్రీకి నా నమస్కారాలు చెప్పు. ఆ పాట ఆపవద్దను.

ఇంకేం రాయాలో తోచడం లేదు. నాలుగు కాగితాలు చింపేశాను. మీ పట్టిక ఎప్పుడొస్తుంది?

నీ మరదలు


రేవు ఎదుటి ఇల్లు,
జులై 19.

మరదలా,

పట్టిక వచ్చింది. తాను తీసిన గోతిలో తానే పడడమంటే ఏమిటో ఈ వయసులో తెలిసింది.

బుధవారం ఉదయం కవరు విప్పాను. యాభై ఐదు దాటిన సరంగుల వరస. రేవులు నాలుగు. చూపు చాలనివాళ్ళు మొదటి రేవులో ఏడుగురు, రెండోదాంట్లో ఆరుగురు, మూడోదాంట్లో తొమ్మిది మంది, నాలుగోదాంట్లో చుక్క. చివర నేను పట్టుబట్టి పెట్టించిన మొత్తం గడి. అందులో ఇరవై మూడు.

నా సంగతి నీకు తెలుసు కదా. పేపర్లో గళ్ళ పజిలు కనిపిస్తే పొయ్యి మీద పాలు పొంగినా వదలను. చెయ్యి దానంతటదే కూడింది. ఏడూ ఆరూ తొమ్మిదీ ఇరవై రెండు. ఇరవై మూడులోంచి తీసేస్తే ఒకటి. చుక్క కింద ఒకటి ఉంది, మరదలా.

నాలుగో రేవు పేరు నీకు రాయను. ఆ రేవులో యాభై ఐదు దాటిన సరంగు ఒక్కరే ఉన్నారు. ఆయన పేరూ రాయను. కానీ బుధవారం నుంచీ నేను మీ అన్నయ్య మొహంలోకి చూడలేకపోతున్నాను. వానకోటు, పిల్లి, నారింజరంగు మరక, మేస్త్రీ పాట, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. ఆయన మీద లేనిపోని అనుమానం పెట్టుకున్నందుకు స్నానాలగదిలో తలుపేసుకుని ఏడ్చాను. తర్వాత నీ మీద ఒళ్ళు మండింది. నీకు తెలుసు! తెలిసి కూడా మేస్త్రీకి నమస్కారాలంటావా? గంట సేపు నిన్ను తిట్టాను. ఆ తర్వాత నువ్వు చింపిన నాలుగు కాగితాలు గుర్తొచ్చాయి. నాకే మూడు రోజుల్లో పొట్ట పగిలిపోతోంది. నువ్వెన్నాళ్ళ నుంచి మోస్తున్నావో పాపం. జవాబు రాయకు. నీకు తెలుసో లేదో నేను అడగలేదు.

బుధవారం ఆ లెక్క తేలగానే ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను.

"ఈ పట్టిక బయటికి పంపకండి సార్. చుక్క కింద అంకె కనిపిస్తోంది" అన్నాను.

"చుక్కే కనిపిస్తోందమ్మా నాకు."

"మొత్తంలోంచి మిగతావి తీసేస్తే వస్తుంది సార్."

"పనిగట్టుకుని ఎవరు తీసేస్తారు?"

"నేను తీశాను సార్."

"ఎంత వచ్చింది?"

"చెప్పకూడదు సార్. సంతకం పెట్టాను."

ఆయన పెన్సిలు తీసుకోబోయి, నా మొహం చూసి, మళ్ళీ బల్ల మీద పెట్టేశారు. మంచి మనిషి. పట్టిక కవరులో పెట్టి, లక్కముద్ర వేసి, మధ్యవర్తికి వెనక్కి పంపించేశారు. ఇంకో గడికి కూడా చుక్క పెడితే తీసివేత కుదరదట. కాగితం మీద తప్పు దిద్దుకోవచ్చు. నా బుర్రలోంచి ఆ ఒకటిని ఎవరు తీసేస్తారు?

మా నిబంధనల ప్రకారం, చూపు తగ్గిందని సరంగు తనంతట తాను చెబితే లైసెన్సు రద్దు కాదు. ఆపుతారంతే. కన్ను బాగుచేయించుకుని పరీక్షలో నెగ్గితే అదే లైసెన్సు, అదే లాంచీ. ఆ ముక్క ఒక్కరికీ తెలియదు. తెలుసుకుందామంటే ఆ పుస్తకం చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చేశారు. అందుకే అందరూ దాస్తారు. చెబితే ఇక గట్టు మీద టిక్కెట్లు చింపుకుంటూ చావాల్సిందేనని భయం.

ఈయన చేత చెప్పించాలని చూశాను. సూదిలో దారం ఎక్కించమన్నాను. "ఆడవాళ్ళ పనులు చెబుతావా" అని లేచి వెళ్ళారు. మందు సీసా మీద ఏం రాసుందో చదవమన్నాను. "అబద్ధాలు రాస్తారు, చదవకు" అన్నారు. రెండు రోజులుగా నేనూ లాంచీ ఎక్కి చుక్కాని పక్కన నిలబడుతున్నాను. మేస్త్రీ ఒక పక్క, నేను ఒక పక్క. "అబ్బ, ఎదురుగా ఆ ఎర్ర పీపా ఎంత ముద్దుగా తేలుతోందండీ" అంటున్నాను. లేటు పర్మిషన్లన్నీ అయిపోతున్నాయి.

పట్టికలో చూశానని చెప్పలేను. చెబితే రేపు ఎవరైనా ఏ ఆసుపత్రికైనా నిజం చెబుతారా? కానీ రోజుకు రెండుసార్లు అరవై మంది ఆ లాంచీ ఎక్కుతున్నారు. వాళ్ళలో బడిపిల్లలూ ఉన్నారు. వచ్చే ఆదివారం దాకా చూస్తాను. అప్పటికీ ఆయన నోరు విప్పకపోతే నేనే విప్పుతాను. ఉద్యోగం పోనీ, ఆయన నన్ను జన్మలో క్షమించకపోనీ. అరవై ప్రాణాల ముందు నా సంతకం ఎంత?

నువ్వు ఆయనకి చెల్లెలివి. ఆ మొండి మనిషిని కదిలించే ఉపాయం ఏదైనా ఉంటే, నీ నియమం తప్పకుండా, నాకు చెప్పు.

నీ వదిన


క్వార్టర్సు,
జులై 22.

వదినా,

కొత్త పెన్ను కొన్నాను. ములుకు బొటనవేలంత లావు. పేజీకి నాలుగు లైన్లే పడుతున్నాయి. ఈ ఉత్తరం పద్నాలుగు కాగితాలు అయ్యేట్టుంది. తపాలా ఆఫీసులో తూకం వేసి, ఏమిటమ్మా ఇది, పొలం దస్తావేజులా అంటారు కాబోలు.

నీకు విశేషాలేమీ లేవు. ఊరికే మా ఆసుపత్రి కబుర్లు రాస్తున్నాను.

మా దగ్గరికి చాలామంది వస్తారు. అందరూ చెప్పే మాట ఒకటే. చుక్కలు వేస్తూ ఉండండి, ఆపరేషన్ వద్దు, బయటికి తెలిస్తే నా పని పోతుంది అని. వాళ్ళు బద్ధకస్తులు కారు. పనంటే ప్రాణం ఉన్నవాళ్ళు.

కంట్లో పొర రావడం తప్పు కాదు. ముసలితనమూ కాదు. అరగంట పని. నొప్పి ఉండదు. మర్నాడు కట్టు విప్పుతారు. విప్పగానే చాలామంది మొదట అనే మాట, అబ్బ ఇంత వెలుగుందా అని.

నువ్వు రాసిన నిబంధన అందరికీ తెలియాలి వదినా. అందుకే మళ్ళీ పెద్దక్షరాల్లో రాస్తున్నాను. తనంతట తాను చెబితే లైసెన్సు పోదు. ఆగుతుంది. ఆరు వారాల తర్వాత పరీక్ష. నెగ్గితే అదే లాంచీ.

చెప్పకపోతే ఏమవుతుందో కూడా రాస్తాను. ప్రమాదమని తోస్తే డాక్టరు తనే లైసెన్సు ఆఫీసుకి రాయాలి. అది చట్టం. అంతకు ముందు రోగికి గడువిస్తాడు. గడువు అయిపోతే మనిషి మాట చెల్లదు. కాగితం మాటే చెల్లుతుంది.

కొంతమందికి చెల్లెళ్ళు ఉంటారు. వాళ్ళకి అన్నయ్యంటే ప్రాణం. చిన్నప్పుడు ఏరు దాటేటప్పుడు, నా చెయ్యి వదలకు, నాకు అన్నీ కనిపిస్తున్నాయి అని చెప్పిన అన్నయ్య. ఆ మాట నమ్మే ఆ చెల్లి ఇప్పటికీ నీళ్ళంటే భయపడదు. అలాంటి చెల్లెళ్ళు రోజూ ఉదయం, సాయంత్రం, లాంచీ కదిలే వేళకి గడియారం చూసుకుని, అది అవతలి గట్టు చేరేదాకా నిమిషాలు లెక్కపెట్టుకుంటారు. నేను చెల్లెళ్ళందరి గురించీ మాట్లాడుతున్నాను.

ఈ ఉత్తరం ఎప్పుడూ దాచేచోటే దాచు.

నీ మరదలు


రేవు ఎదుటి ఇల్లు,
జులై 27.

మరదలా,

నీ పెన్ను గొంతు చాలా పెద్దది. వీధి చివరికి వినిపించింది.

గురువారం పద్నాలుగు కాగితాలూ అందాయి. "మీ చెల్లెలు ఏదో పెద్ద ఉత్తరం రాసింది, నాకు తీరిక లేదు, తర్వాత చదువుకుంటాను" అని ఆయన వినేట్టు గొణిగి, బుట్ట అడుగున పెట్టి ఆఫీసుకి వెళ్ళాను. పోయిన వారమంతా లాంచీ వెంట తిరిగినదాన్ని, ఆ పూట మాత్రం కావాలనే ఆయన్ని ఇంట్లో ఒంటరిగా వదిలాను. సాయంత్రం వచ్చేసరికి ఆయన రేవుకి వెళ్ళనే లేదు. లాంచీ ఇంకో సరంగు తీసుకెళ్ళాడట. వంటింట్లో ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నారు. చుట్టూ ఉల్లిపాయలు. ఒళ్ళో నీ ఉత్తరం. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఉల్లిపాయలు" అన్నారు.

"అవునండీ, ఘాటైనవి" అన్నాను.

"ఈ బుట్ట సంగతి నాకు మొదటి నుంచీ తెలుసే" అన్నారు.

తెలుసట! నేను ఆఫీసుకి వెళ్ళగానే నీ ఉత్తరాలు బయటికి తీసేవారట. కిటికీ దగ్గర పట్టుకుని, ఎండలో పట్టుకుని, దూరంగా, దగ్గరగా పెట్టి చూసేవారట. గీతలు తప్ప అక్షరం కనిపించేది కాదట. మళ్ళీ మడిచి అక్కడే పెట్టేసేవారు. ఒకసారి మేస్త్రీకి ఇచ్చి చదవమంటే, ఒకరి ఉత్తరం నేను చదవనని తిప్పి ఇచ్చేశాడట. మనందరిలోకీ ఆ సంతకం పెట్టాల్సినవాడు ఆ మేస్త్రీయే. మనం తన గురించే రాసుకుంటున్నామని ఈయనకి తెలుసు. ఏం రాసుకుంటున్నామో తెలియక నెలన్నర నలిగిపోయారు. వింటుంటే నా ప్రాణం ఉసూరుమంది. దొంగతనం చేసి కూడా ఏమీ దొరకని దొంగని ఎక్కడైనా చూశావా?

తర్వాత అంతా చెప్పేశారు. కంటి పొర, జేబురుమాలుకి నారింజరంగు మరక పెట్టిన చుక్కల మందు, ఇస్త్రీ చొక్కా. గురువారమే ఎందుకో తెలుసా? ఆ రోజు నీకు సెలవని. నీ కంట పడకూడదని! కాగితాలు శుక్రవారం నీ బల్ల మీదికే వస్తాయని ఆ బుర్రకి తోచలేదు. (ఇది నేను ఊహించి రాసింది. నువ్వేమీ చెప్పలేదు.)

నేను నోరు తెరిచి, గుండె మీద చెయ్యి వేసుకుని, "అయ్యో, నాకు ఇప్పుడే తెలుస్తోందండీ!" అన్నాను.

ఆయన తల పైకెత్తి, "చూపు ఎంత మసకైనా నీ నటన కనిపిస్తూనే ఉందే" అన్నారు. కానీ ఎలా తెలిసిందని అడగలేదు. నేనూ చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఇద్దరం ఒకేసారి నోరు మూసుకున్నది అప్పుడే.

శుక్రవారం తనే మా ఆఫీసుకి వచ్చి కాగితం రాసి ఇచ్చారు. సరిగ్గా నా కౌంటరు ముందే నిలబడ్డారు. "మీరు మా ఇంటివాళ్ళు, పక్క కౌంటరుకి వెళ్ళండి" అన్నాను. "ఈ ఆఫీసులో మొగుడికి కూడా మర్యాద లేదు" అని అందరూ వినేట్టు అంటూ పక్కకి జరిగారు. ఆదివారానికి రెండు రోజుల ముందు, మరదలా! నేను కౌంటరు కిందకి వంగి ఏదో వెతుకుతున్నట్టు కళ్ళు తుడుచుకున్నాను.

ఆపరేషన్ వచ్చే నెల. మీ ఆసుపత్రిలోనే.

నీ వదిన


క్వార్టర్సు,
ఆగస్టు 2.

వదినా,

ఏమిటీ! అన్నయ్యకి కంట్లో పొరా? నీ ఉత్తరం చూసి ఆశ్చర్యపోయాను. ఎప్పటి నుంచి? ఒక్క మాట చెప్పరా?

ఇంత సంతోషంగా ఆశ్చర్యపడి చాలా కాలమైంది.

నీ మరదలు


రేవు ఎదుటి ఇల్లు,
అక్టోబరు 9.

మరదలా,

నెగ్గారు. నిన్న పరీక్ష. గోడ మీది అక్షరాలన్నీ చదివేసి, చిట్టచివర అచ్చాపీసువాడి పేరు కూడా చదివారట. ఈ ఉదయం మొదటి లాంచీ ఆయనే తీశారు. మేస్త్రీ అలవాటుకొద్దీ పాట అందుకుంటే, "ఇంజను గదిలోకి పో, నూనె కారుతోంది, ఇక్కణ్ణుంచి నాకు కనిపిస్తోంది" అని తోలేశారు. పట్టిక కూడా అచ్చయి బయటికి వచ్చింది, ఆ వరసలో రెండు చుక్కలతో. ఎంత కూడినా తీసినా ఏమీ రావడం లేదు. నేను కావాలని ప్రయత్నించాను.

ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు టిక్కెట్ల కిటికీలో కూర్చున్నారు. జనం వచ్చి పరామర్శిస్తుంటే, ఒక్కొక్కరికీ పెద్ద గొంతుతో నిబంధన అప్పజెప్పారు. ఇప్పటికి ఇంకో ఇద్దరు సరంగులు తమంతట తాము మా ఆఫీసుకి వచ్చారు. ఎవరో చెప్పను.

కళ్ళు వచ్చాక ఇంట్లో నాకు కష్టకాలం మొదలైంది. కర్టెన్లు చూసి ఈ రంగేమిటన్నారు. వానకోటుకి బొత్తాం లేదన్నారు. నా తల చూసి, ఇన్ని తెల్లవెంట్రుకలు ఎప్పుడొచ్చాయే అన్నారు. తర్వాత, నా వల్లేనా అన్నారు. కాదండీ, మీ చెల్లెలి వల్ల అన్నాను.

నీ మీద ఒక ఫిర్యాదు ఉంది. ఆపరేషన్ నాడు నువ్వు ఫైళ్ళ దొంతర మోసుకుంటూ ఆయన ముందునుంచే వెళ్ళావట. పలకరించలేదట. ఎరగనట్టు చూసి పోయావట. నీ ఆసుపత్రి నియమం నీకుంది, కానీ ఆయన నొచ్చుకున్నారు. అయితే ఒకటి అన్నారు. కంటికి కట్టుతో నర్సు బయటికి నడిపించుకొస్తే, వరండాలో యాభై జతల చెప్పుల మధ్య తన చెప్పులు మాత్రం పక్కపక్కన, కాలు పెట్టడానికి వీలుగా తనవైపు తిరిగి ఉన్నాయట. వెతుక్కునే పనే లేకపోయిందట. అది ఎవరి పనో అని దారి పొడుగునా అంటూనే ఉన్నారు.

కింద ఆయన ఏదో రాస్తానంటున్నారు. చదవడానికి నువ్వు భూతద్దం తెచ్చుకోవాలి, చీమ తలకాయంత రాస్తున్నారు.

నీ వదిన

*చెల్లీ, నీ పద్నాలుగు కాగితాల ఉత్తరంలో మూడు తప్పులున్నాయి. ఎర్ర పెన్సిలుతో దిద్ది దీనితో జతచేశాను. పదకొండో కాగితంలో ఏరు దాటేటప్పుడు అన్నీ కనిపిస్తున్నాయని నేనన్నట్టు రాశావు. ఆ రోజు నాకేమీ కనిపించలేదు, కళ్ళు మూసుకున్నాను. నీ చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకున్నాను. చూసితిని. — అన్నయ్య.*


క్వార్టర్సు,
అక్టోబరు 16.

వదినా, అన్నయ్యా,

ఇక ఇద్దరికీ కలిపే రాస్తున్నాను. ఈ ఉత్తరం బల్ల మీద పెట్టండి. ఉల్లిపాయల బుట్టని ఉల్లిపాయలకి వదిలెయ్యండి.

దిద్దిన కాగితాలు అందాయి. ఎర్ర గీతలు చూడగానే రికార్డు గదిలో కూర్చుని గట్టిగా ఏడ్చాను. పక్క బల్లాయన, తప్పులు మరీ అన్నున్నాయా అమ్మా అని ఓదార్చాడు.

ఫిర్యాదుకి నా జవాబు. ఆ రోజు మా ఆసుపత్రికి ఎవరొచ్చారో నాకు తెలియదు. ఎవరు రాలేదో కూడా తెలియదు. వరండాలో చెప్పులు చెల్లాచెదురుగా పడి ఉంటే ఒక జత కలిపి పెట్టిన మాట నిజమే. పేరు అడగలేదు, మొహం చూడలేదు. రెంటికీ మడమ బయటి అంచు ఒకేలా అరిగి ఉంది, అది చూసి కలిపాను.

ఎవరివో నాకు తెలియదు. మా అన్నయ్యకి కూడా చిన్నప్పటి నుంచీ అక్కడే అరుగుతాయి.

మీ చెల్లెలు, నీ మరదలు